డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము: ఆహారమందు దాగిన బలము

మన నారాయణపేట ప్రాంతము మెట్టపంటల సీమ. జొన్నరొట్టెయు జొన్నగటకయు తరతరములుగా ఇచ్చటివారికి ప్రధానాహారములై యుండెను. వానలు బాగుగా కురిసి చెరువులు నిండిన యేడు బెస్తవారును ముదిరాజులును వలలు వేసి కొరమీనులను, బొచ్చెలను, రవ్వలను పట్టి సంతకు తెచ్చుదురు. తంగిడి యొద్ద భీమానదిని తనలో కలుపుకొనిన కృష్ణానది కూడ చేపల నిచ్చుచున్నది. చేపలపులుసు వండిన దినమున రొట్టె రెండింతలు రుచించునని యెవరికి దెలియదు? అయితే ఆ పులుసు నాలుకను తృప్తిపరచుటతో పోవక, రొట్టెలో లేనిదాని నేదో దేహమునకు చేర్చుచున్నది. కొద్దిపాటి చేపముక్క పెద్ద రొట్టెకు తోడై దాని విలువను హెచ్చించుచున్నది. ఆ దాగిన బలమేది? చేపయందును, మాంసమందును, కాలేయమందును మనుష్యుని నిలబెట్టు వస్తువు లెవ్వి? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము వెదకిన వారిలో అగ్రగణ్యు డొక తెలుగువాడు. ఆయన పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చరిత్రమును విద్యార్థు లందరును ఎరిగియుండుట మంచిది.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరి మండలమందలి భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు. కుటుంబము సంపన్నమైనది కాదు. తండ్రి చిన్న యుద్యోగి. ఇంట రోగములును మరణములును తరచుగా సంభవించుటచేత పిల్లవాని చదువు సాఫీగా సాగలేదు. బాల్యములో ఆయన మనసు పుస్తకములమీద నిలువక, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని తలచి ఇల్లు విడిచి పారిపోయెనని ఆయన చరిత్రకారులు వ్రాసియున్నారు. పెద్దలు వెదకి పట్టుకొని మరల బడిలో చేర్చిరి. తండ్రి గతించిన పిదప తల్లి పట్టుదలయే ఆయనకు దిక్కాయెను. రాజమహేంద్రవరములో చదివి, తరువాత మద్రాసు హిందూ హైస్కూలులో చేరి, మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. పరీక్షలో తప్పినంతమాత్రమున జీవితమే తప్పిపోయినదని కన్నీరు పెట్టు బాలబాలికలు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురుగాక.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువు ముగిసిన పిమ్మట ఆయన మనసు వైరాగ్యమువైపు మరలెను. రామకృష్ణ మఠములో చేరి సన్న్యసింపవలెనని కోరెను. అచ్చటివారు వైద్యవిద్య నభ్యసించి రోగులకు సేవచేయుమని ఆయనకు బోధించిరి. ఆ విధముగా ఆయన మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. స్నేహితులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును చదువునకు ధనసహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని ఆయన వివాహమాడెను. అవి స్వదేశీయోద్యమము దేశమంతట వ్యాపించిన దినములు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్సాగదిలో సహితము ఖద్దరు వస్త్రము ధరించెను. శస్త్రవైద్యము బోధించు ఆచార్యునికి అది గిట్టలేదు. తత్ఫలితముగా పూర్ణమైన వైద్యపట్టము బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే 1921లో ఆయనకు లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము కొరకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. చివరకు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు పనిలో ప్రవేశించెను.

ఆ కాలముననే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దుఃఖము సంభవించెను. ఉష్ణదేశములలో స్ప్రూ అను ఒక విధమైన గ్రహణిరోగము కలదు. రోగి యెంత తినినను ఆహారము ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. నాలుక పుండై, రక్తము పలుచనై, దేహము కృశించి, తుదకు ప్రాణము పోవును. ఈ రోగముచేత సుబ్బారావు అన్నయు తమ్ముడును కొద్దిదినముల వ్యవధిలో ఒకరివెనుక నొకరు మరణించిరి. సుబ్బారావునకు కూడ ఆ రోగమే సంక్రమించెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచేత ఆయన బ్రదికెను. తాను వైద్యుడై యుండియు తోడబుట్టినవారిని కాపాడలేకపోవుట ఆయన హృదయమును కలచివేసెను. వారి కంచములలో ఆహారమునకు కొదువలేదు. ఆహారములోని యేదో యొక వస్తువు దేహమునకు అందకపోవుటచేతనే వారు చనిపోయిరి. ఆ వస్తువేది? ఆ ప్రశ్నకు బదులు చెప్పగల వైద్యుడు ఆనాడు మన దేశములో గాని పరదేశములలో గాని లేడు. ఉష్ణదేశరోగముల శాస్త్రమును లోతుగా నేర్చుకొనవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారును, మామగారును కొంత ధనము సమకూర్చిరి. 1922వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆయన అమెరికా దేశమందలి బోస్టను నగరములో అడుగుపెట్టి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవైద్య పాఠశాలలో చేరెను. చేతిలో ధనము స్వల్పము. మన దేశపు వైద్యపట్టముతో అచ్చట వైద్యము చేయుటకు వీలులేదు. కాబట్టి పగలు చదువుచు, రాత్రులు ఆస్పత్రిలో కూలివానివలె రోగుల మలమూత్రపాత్రలు శుభ్రముచేసి పొట్టపోసుకొనెను. పట్టము పొందిన వైద్యుడనైన నేను ఇట్టి పని చేయుదునా యని ఆయన సంకోచింపలేదు. మూడు సంవత్సరములలో తిరిగివచ్చెదనని భార్యకు మాటయిచ్చి వెళ్లిన ఆయనకు మరల స్వదేశమును చూచు భాగ్యము కలుగలేదు. శేషగిరమ్మగారు ఇచ్చటనే యుండి యెదురుచూచిరి. గొప్పవారి ఘనతను వర్ణించునప్పుడు ఇంటియొద్ద మిగిలినవారు చెల్లించిన వెలను మరచుట న్యాయము కాదు.

ఉష్ణదేశవైద్యములో పట్టము పొందిన తరువాత ఆయన హార్వర్డులోనే జీవరసాయనశాస్త్ర శాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద పరిశోధన ప్రారంభించెను. రక్తమందును మూత్రమందును ఎంత భాస్వరమున్నదో రంగును బట్టి కొలుచు సులభమార్గమును 1925లో వారిరువురు ప్రకటించిరి. ఫిస్కె సుబ్బారావు పద్ధతియని లోకమంతట ప్రయోగశాలలలో అది నేటికిని ప్రసిద్ధము. ఆ కొలమానము చేతికి వచ్చిన వెంటనే వారు కండరముల వైపు దృష్టి మరల్చిరి. కండరము పనిచేయుటకు శక్తి యెక్కడినుండి వచ్చుచున్నది? 1922లో నోబెలు బహుమానము పొందిన శాస్త్రజ్ఞుల సిద్ధాంతము ప్రకారము లాక్టికామ్లమే అందుకు మూలమని జనులు నమ్మియుండిరి. ఫిస్కెయు సుబ్బారావును 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరమునుండి వెలికిదీసి చూపిరి. అదే సంవత్సరము జర్మనీ దేశములో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ వేరుగా ఏ.టి.పి.ని కనుగొనెను. ప్రాణి దేహములో శక్తికి నాణెమువంటిది ఈ ఏ.టి.పి. మనము చేయి కదల్చినను, చేప తోక ఆడించినను ఖర్చగునది ఆ నాణెమే.

ఈ పరిశోధనకును మన చేపలబుట్టకును సంబంధ మేమని విద్యార్థు లడుగవచ్చును. మనము తినునది చేప కండరమే గదా! నీటిలోనుండి తీసిన చేప చచ్చిన తోడనే దాని కండరములోని ఏ.టి.పి. క్రమక్రమముగా విరిగిపోవ నారంభించును. మొదట పుట్టు పదార్థములలో నొకటి కూరకు కమ్మని రుచి నిచ్చును. ఇంకను విరిగిన కొలది రుచి తప్పి, చేప పాడగును. 1959లో జపాను దేశపు శాస్త్రజ్ఞులు ఏ.టి.పి. ఎంతవరకు విరిగినదో కొలిచి చేపయొక్క తాజాదనమును అంకెలలో చెప్పు పద్ధతిని కనిపెట్టిరి. సంతలో మన తల్లులు చేప మొప్ప లెత్తి యెరుపు చూచి, కన్ను చూచి, వ్రేలితో నొక్కి చూచి తెలిసికొను సంగతినే శాస్త్రము తన మార్గమున కొలిచినది. ఆ కొలతకు ఆధారమైన పదార్థమును మొదట చూచినవారిలో మన తెలుగువా డొకడు.

1930లో సుబ్బారావు హార్వర్డులో పి.హెచ్.డి. పట్టము పొందెను. అయినను ఆ విశ్వవిద్యాలయములో ఆయనకు తగిన స్థిరమైన పదవి యెన్నడును దొరకలేదు. తన పేరు చాటుకొను స్వభావము ఆయనకు లేదు. పరిశోధనలో తన భాగము గొప్పదని వాదించుకొనుటకు ఆయన ఇష్టపడలేదు. ఆ దినములలో బోస్టను వైద్యులందరు కాలేయమును గూర్చియే మాటలాడుచుండిరి. 1926లో మైనట్, మర్ఫీ అను ఇద్దరు వైద్యులు ప్రాణాంతకమగు ఒక పాండురోగమును, రోగులకు ప్రతిదినమును విస్తారముగా కాలేయమును తినిపించుటచేతనే కుదిర్చిరి. అందుకు వారికి 1934లో విపుల్ అను శాస్త్రజ్ఞునితో కలిపి నోబెలు బహుమానము లభించెను. కాలేయమును తినుటచేత రక్తము పుట్టుచున్నది సరే, అందులో ఏ వస్తువు ఆ పని చేయుచున్నది? సుబ్బారావు మనసు చటుక్కున తన అన్నదమ్ముల రోగమునకు మరలెను. స్ప్రూ రోగములోను రక్తము అట్లే పలుచబడును. కాలేయసారమును భాగములు భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగము చేయు పనిని పరీక్షించుటకు ఆయన పూనుకొనెను.

ఆ వెదకులాటలో దొరికిన వస్తువులలో నికోటినికామ్ల మొకటి. 1937లో ఎల్వెజెం అను అమెరికా శాస్త్రజ్ఞుడు కుక్కలకు వచ్చు నల్లనాలుక రోగము దీనిచేత నయమగునని చూపెను. మరుసటి సంవత్సరమే సుబ్బారావును ఆయన సహచరులును కాలేయసారమునుండి ఆ రోగమును మాన్పు వస్తువును వేరుచేసి ప్రకటించిరి. మనుష్యులలో ఆ లోపముచేత పెలాగ్రా అను రోగము వచ్చును. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పొరలుగా లేచును. విరేచనములు పట్టును. ముదిరినయెడల మతి చలించును. ఇది మన జొన్నసీమకు పరాయి రోగము కాదు. దక్కను పీఠభూమిలో జొన్నతప్ప మరేమియు దొరకని పేదలలో ఈ వ్యాధి కనబడుచుండెను. హైదరాబాదులోని పోషణ పరిశోధనశాలలో పనిచేసిన గోపాలన్, శ్రీకాంతయ్య అను వైద్యులు, జొన్నలో ల్యూసీను అను అంశము మితిమీరియుండుట ఇందుకు ఒక కారణము కావచ్చునని 1960లో ప్రతిపాదించిరి. జొన్న చెడ్డదని దీని యర్థము కాదు. జొన్న మంచి ధాన్యమే. జొన్న యొక్కటియే చాలదనుటయే సత్యము. పప్పు, పాలు, గ్రుడ్డు, చేప వీనిలో ఏ యొక్కటి తోడైనను ఆ లోపము తగ్గును. చేపలో నికోటినికామ్లమును, దేహములో నికోటినికామ్లముగా మారగల ట్రిప్టోఫానును రెండును కలవు.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములో పెరల్ రివరు అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. కొద్దికాలములోనే పరిశోధనశాఖ కంతకును అధిపతియయ్యెను. అంతవరకు ఒంటరిగా చేసిన వెదకులాటకు ఇప్పుడు అనేకులు తోడైరి. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లుకూలి స్త్రీల పాండురోగమును ఈస్టుసారముచేత నయముచేసి యుండెను. 1941లో మరి కొందరు శాస్త్రజ్ఞులు పాలకూరవంటి ఆకులనుండి ఒక వస్తువును వేరుచేసి, ఆకులోనిది గనుక దానికి ఫోలికామ్లమని పేరిడిరి. ఈస్టులోనిదియు, కాలేయములోనిదియు, ఆకుకూరలోనిదియు ఒకే జాతి వస్తువులని క్రమముగా తేలెను. సుబ్బారావు నడిపించిన బృందమువారు 1945లో ఫోలికామ్లమును ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. కాలేయమును టన్నులకొలది అరగదీసినను చిటికెడు దొరకని మందు ఇప్పుడు అందరికిని అందునదాయెను. టామ్ స్పీస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తము వృద్ధిపొంది, ఆకలి పుట్టి, బలము కలిగెను. అన్నదమ్ములు చనిపోయి యిరువదియేండ్లకు పైగా గడిచిన తరువాత సుబ్బారావు వారి రోగమునకు మందు లోకమున కిచ్చెను.

అయితే ఆయన మొదట వెదకినది ఇంకను దొరకలేదు. ప్రాణాంతక పాండురోగికి ఫోలికామ్లము ఇచ్చినప్పుడు రక్తము బాగుపడెను గాని నరముల జబ్బు ఆగక ముదురుచుండెను. కాలేయమో ఆ రెంటిని మాన్పుచుండెను. కాబట్టి కాలేయములో మరియొక వస్తువు దాగియున్నదనుట స్పష్టము. అదే కాలమున కోళ్లు పెంచువారికి మరియొక వింత కనబడెను. సోయాచిక్కుళ్లు, మొక్కజొన్న మొదలైన వృక్షాహారము మాత్రమే పెట్టినయెడల మాంసకృత్తులు చాలినన్ని యున్నను కోడిపిల్లలు సరిగా పెరుగవు, గ్రుడ్లు సరిగా పొదుగబడవు. ఆ మేతలో కొంచెము చేపపొడియైనను, చేపలను ఉడికించిన రసము చిక్కబరచినదైనను కలిపిన యెడల పిల్లలు చక్కగా ఎదుగును. చేపలోనున్న ఈ తెలియని వస్తువునకు శాస్త్రజ్ఞులు జంతుమాంసకృత్తుల యంశమని తాత్కాలికముగా పేరు పెట్టిరి. మాంసకృత్తుల కొలతలో ఇమడని యేదో మేలు చేపలో నున్నదని కోడిపిల్లలు సాక్ష్యమిచ్చెను.

1948 ఏప్రిలు నెలలో మెర్క్ అను మరియొక సంస్థలోని శాస్త్రజ్ఞులు కాలేయమునుండి ఎఱ్ఱని స్ఫటికములను వేరుచేసి వానికి బి12 విటమినని పేరిడిరి. ఇంగ్లాండులోను అదే సంవత్సరము అది లభించెను. పాండురోగమును నరములతో కూడ కుదుర్చునది ఇదియే. కోడిపిల్లలను పెంచు చేపలోని గుప్తవస్తువులోను ముఖ్యమైనది ఇదియే యని ఆ యేడే తేలెను. కాలేయపు మర్మమును చేపపొడి మర్మమును ఒకే తాళపుచెవి విప్పెను. ఆ చెవి సుబ్బారావు చేతికి రాలేదు. తాను సంవత్సరములకొలది వెదకినదానిని ఇతరులు పొందిరి. అట్లని ఆయన ప్రయాస వ్యర్థము కాలేదు. కాలేయమును విడదీయు త్రోవలోనే నికోటినికామ్లమును ఫోలికామ్లమును ఆయన చేతికి వచ్చెను. గమ్యము చేరనివాని బాటలోను పదిమందికి ఉపయోగించు ఫలవృక్షములు మొలచునని ఆయన చరిత్రము తెలుపుచున్నది.

ఆ కాలముననే ఆయన ప్రయోగశాలనుండి మరికొన్ని మందులు వెలువడెను. ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినాప్టెరిను అను పదార్థమును సిడ్నీ ఫార్బరు అను బోస్టను వైద్యుడు రక్తపు క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను 1948లో ప్రకటించెను. బోదకాలునకు హెట్రజాను అను మందు 1947లో ప్రకటింపబడెను. ముదుసలి శాస్త్రజ్ఞుడగు డగ్గరు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిను అను మందును కనుగొనగా, అది 1948లో లోకమునకు తెలుపబడెను. టెట్రాసైక్లినులను మందుల కుటుంబములో ఇది మొదటిది. ఇందొక విశేషము కలదు. ఉష్ణదేశపు స్ప్రూ రోగమునకు నేడు వైద్యులు ఇచ్చు మందులు ముఖ్యముగా రెండు: ఫోలికామ్లము, టెట్రాసైక్లిను. ఒకటి లోపమును తీర్చును, మరియొకటి ప్రేగులలోని దుష్టసూక్ష్మజీవులను అణచును. ఫోలికామ్లపు కృత్రిమ తయారీయు, టెట్రాసైక్లినుల కుటుంబములో మొదటి మందును సుబ్బారావు అధిపతిగా నున్న ప్రయోగశాలనుండి వచ్చినవే.

1948 ఆగస్టు నెలలో, ఏబదిమూడవ యేట, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు మరణించెను. ఆయన మరణించిన తరువాత లెడర్లీలోని స్టోక్‌స్టాడు, జ్యూక్సు అను శాస్త్రజ్ఞులు ఆరియోమైసిను తయారుచేయగా మిగిలిన పిప్పిలో బి12 ఉన్నదనియు, అది కోళ్లమేతలో చేపపొడి చేయు పనిని చేయుచున్నదనియు చూపిరి. బి12 విటమినును చెట్లు గాని జంతువులు గాని పుట్టింపలేవు. సూక్ష్మజీవులు మాత్రమే దానిని తయారుచేయును. నీటిలో వానిని, వానిని తిన్న పురుగులను తిని చేప ఆ విటమినును తన దేహమున చేర్చుకొనును. పెద్దమనుష్యునికి దినమునకు కావలసినది రెండు మూడు మైక్రోగ్రాములు మాత్రమే. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. కంటికి కనబడని ఆ యణువు లేకపోయిన యెడల కంచమునిండ అన్నమున్నను మనుష్యుడు క్షీణించును.

ఇక మాంసకృత్తుల సంగతి కూడ చెప్పవలెను. నూరు గ్రాముల పచ్చిచేపలో సుమారు 15 మొదలు 20 గ్రాముల మాంసకృత్తులుండును. నీరు పోయిన ఎండుచేపలో అదే తూకమునకు ఇంకను మూడింతలుండును. నూరు గ్రాముల జొన్నలో ఇంచుమించు 10 గ్రాములున్నను, దేహమును కట్టుటకు కావలసిన లైసిను అను అంశము అందు తక్కువ. చేపలో అది సమృద్ధి. కాబట్టియే కొద్దిచేప ఎక్కువ రొట్టెను ఫలవంతముగా చేయును. ముండ్లతో నమలి తినదగిన చిన్నచేపలు ఎముకలకు సున్నము నిచ్చును. అయితే ఉప్పుచేపలలో ఉప్పు మితిమీరియుండును గనుక రక్తపుపోటు గలవారు జాగ్రత్తపడవలెను.

చేపలోని క్రొవ్వును ఆల్కహాలుతో తీసివేసి, నూటికి ఎనుబది వంతులు మాంసకృత్తులుగల వాసనలేని పిండిగా చేసి, లోకమందలి ఆకలిని తీర్పవలెనని అమెరికావారు ప్రయత్నించిరి. 1967లో అక్కడి ప్రభుత్వము దానిని ఆహారముగా అంగీకరించెను. ముండ్లతో సహా చేపనంతటిని పిండి చేయుటచేత అందు ఫ్లోరిను చేరును గనుక దానికి ఒక మితి విధించిరి. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరినుచేత ఎముకలు వంగినవారిని చూచిన మనకు ఆ జాగ్రత్త యర్థము వెంటనే తెలియును. రుచిలేని ఆ పిండి జనుల కంచములలో నిలువలేదు. బలమిచ్చు వస్తువైనను జనులు ఇష్టపడి తినునదిగా లేనియెడల ఉపయోగపడదు. చెరువులోని చేపయు, ఇంటి పులుసును ఆ పరీక్షలో ఎప్పుడో గెలిచినవి.

చేప తినని కుటుంబములును మనలో పెక్కు కలవు. అట్టివారు భయపడవలసిన పనిలేదు. పాలు, పెరుగు బి12 నిచ్చును. పప్పుధాన్యములు లైసినునిచ్చును. ఆకుకూరలు ఫోలికామ్లము నిచ్చును. పాలైనను ముట్టనివారు మాత్రము వైద్యుని యడిగి బి12 మాత్రలు తీసికొనవలెను. గర్భిణులకు ఆస్పత్రులలో ఇచ్చు ఇనుము, ఫోలికామ్లము కలిసిన మాత్రలను తల్లులు అశ్రద్ధ చేయక మ్రింగుదురుగాక. ఆ చిన్నమాత్రలో భీమవరపు బాలుని కష్టము కొంత యున్నది.

సుబ్బారావునకు నోబెలు బహుమానము రాలేదు. బ్రదికియుండగా స్వదేశములో ఆయన పేరు ఎరిగినవారు బహుకొద్దిమంది. 1953లో ఒక జాతి శిలీంధ్రమునకు ఆయన పేరిట సుబ్బారోమైసెస్ అని నామకరణము చేసిరి. 1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను. ఇవి గౌరవములే. వీనికంటె గొప్ప గౌరవము మరియొకటి కలదు. గ్రహణి పట్టిన బిడ్డ కోలుకొని తల్లి యొడిలో రొట్టెముక్క అడిగినప్పుడెల్ల, బోదకాలు రాకుండ గ్రామములలో మాత్రలు పంచినప్పుడెల్ల, ఆయన పేరు ఎవరును పలుకకున్నను ఆయన పని నెరవేరుచున్నది.

విద్యార్థులారా, మూడుమారులు పరీక్షకు కూర్చున్న బాలుడు, తక్కువపట్టము పొందిన వైద్యుడు, ఆస్పత్రిలో పాత్రలు కడిగిన కూలివాడు, స్థిరమైన పదవి దొరకని పండితుడు, వెదకినది తుదకు చేతికి చిక్కని పరిశోధకుడు, ఈ యందరును ఒక్కడే. ఆయన చేసినదేమనగా, మనమందరము దినదినమును ఆలోచింపక తినుచున్న ఆహారమును చూచి, ఇందులో మనుష్యుని బ్రదికించున దేది యని అడుగుట, ఆ ప్రశ్నను మరణపర్యంతము విడువకుండుట. ఇకమీదట జొన్నరొట్టె ప్రక్కన చేపముక్క గాని, పప్పు గాని, పెరుగు గాని చూచినప్పుడు అది అలంకారము కాదనియు, రొట్టెలో లేనిదానిని తీసికొనివచ్చిన తోడనియు గుర్తెరుగుడి. ఆ తోడు లేని కంచము మన వాడలో నేదైన కనబడిన యెడల, దానిని గూర్చి ఆలోచించుట మన విధి.